వంతుల యంత్రంలో కబుర్లు: లిక్లైడర్ జీవితం

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పుట్టినవాళ్ళకి వంతు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. సాగర్ ఎడమ కాలువకి మాది చివరి ఆయకట్టు. నీళ్ళొచ్చిన నాడు ఒకరి తరువాత ఒకరు పెట్టుకోవాల్సిందే. వంతు అయినవాడు తరువాతి రైతుకి కబురు చెప్పిపోతాడు. ఆ రైతు లేకపోతే పక్క చేనువాడికి చెప్పిపోతాడు. టైమ్ షేరింగ్ అనే మాట మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తూమే. ఆ పద్ధతికి ఊపిరి పోసినవారిలో ముఖ్యుడు లిక్లైడర్.

జోసెఫ్ కార్ల్ రాబ్నెట్ లిక్లైడర్ 1915 మార్చి 11న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జన్మించారు. తోటివారికి ఆయన ఉత్త లిక్. ఆయన ఇంజనీరు కారు సుమా! మనస్తత్వశాస్త్రం చదివి, చెవి శబ్దాన్ని ఎలా గ్రహిస్తుందన్న రంగంలో పరిశోధించి, 1942లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. యుద్ధకాలంలో హార్వర్డులో, హోరు మధ్య మాట ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించారు.

తరువాత తన పనివేళల్ని తానే లెక్కవేసుకున్నారు. ఆలోచనకని కూర్చున్న కాలంలో నూటికి 85 పాళ్ళు అంకెలు వెతకడానికీ, గ్రాఫులు గీయడానికీ పోతోందని తేలింది. (మన ప్రాక్టికల్ రికార్డుల సంగతి అడక్కండి!) ఈ చాకిరీ యంత్రానికి అప్పగించాలని 1960లో వ్యాసం రాశారు. కానీ ఆనాటి పెద్ద కంప్యూటర్లకి కార్డులు ఇచ్చి, ఫలితం కోసం గంటల తరబడి కాచుకోవాలి.

1962 అక్టోబరులో అమెరికా రక్షణశాఖవారి ఆర్పా సంస్థలో కంప్యూటర్ పరిశోధనకి అధిపతి అయ్యారు. చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం టైమ్ షేరింగ్ మీద పెట్టారు. ఎం.ఐ.టి.లో కార్బటో బృందం 1961లోనే సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను నడిపి చూపించింది. 1963లో ఆర్పా సొమ్ముతో అక్కడ ప్రాజెక్ట్ మాక్ మొదలైంది. ఉన్నది ఒక్క ఐ.బి.ఎం. 7094, టైపు మిషను లాంటి టెర్మినళ్ళ ముందు ముప్పైమంది దాకా. యంత్రం రెప్పపాటు ఒకరికి, రెప్పపాటు ఇంకొకరికి పనిచేస్తుంటే, ఎవరికి వారికి అదంతా తమదే అనిపించేది.

లెక్కల కోసం కూర్చున్నవాళ్ళు కబుర్లు మొదలెట్టారు. అందరికీ కనబడే చోట ఒక ఫైలు పెట్టి, దాని పేరే టామ్‌కి అని పెట్టడం అలవాటైంది. 1965లో టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ అనే ఇద్దరు యువకులు మెయిల్ అనే కమాండు రాశారు. కబురు అవతలివాడి ఖాతాలోని పెట్టెలో పడుతుంది. అతను ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు, కబురు ఉందని యంత్రమే చెబుతుంది. ఇద్దరూ ఒకే వేళకి ఉండనక్కర్లేదు.

అప్పటికి లిక్ అక్కడ లేరు; 1964లోనే ఐ.బి.ఎం.కి వెళ్ళిపోయారు. కాబట్టి ఆ ఘనత కూడా ఆయనకే కట్టబెట్టడం నాకు సమ్మతం కాదు. కాలువ తవ్వించింది ఆయన, కబురు పెట్టింది వేరేవాళ్ళు. అయితే ఆ కబుర్ల విలువ గ్రహించినవారు మాత్రం ఆయన. యంత్రం మనుషుల్ని కలిపే సాధనమనీ, ఒకే ఊరివాళ్ళనే కాక ఒకే ఆసక్తి గలవాళ్ళని జతచేస్తుందనీ 1968లో రాబర్ట్ టేలర్‌తో కలిసి రాశారు.

అడగని కబురూ అప్పుడే వచ్చింది. 1971లో సి.టి.ఎస్.ఎస్. నిర్వాహకుడొకరు యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ వాడకందార్లందరి పెట్టెల్లోనూ సందేశం వేశారు. ఇదేమిటని వాన్ వ్లెక్ అడిగితే, విషయం అంత ముఖ్యమైనదని జవాబు. తప్పో ఒప్పో మా హాస్టల్లో ఇంకా తేలలేదు.

లిక్ 1968లో ఎం.ఐ.టి.కి తిరిగొచ్చి ప్రాజెక్ట్ మాక్‌ను నడిపారు; 1974లో మళ్ళీ ఆర్పాకి వెళ్ళారు. 1990 జూన్ 26న కన్నుమూశారు. ఆ రోజుల్లో మా ఊరి కబురు నందిగామ చేరాలంటే కార్డు ముక్క రాయాలి, లేదా బస్సు కండక్టరుకి చెప్పి పంపాలి అంటారు మా నాన్న.