సర్ థామస్ మన్రో : రైతువారీ పన్ను – గవర్నరు పదవి

మన రాయలసీమలో పట్టా అనే మాట ఎరుగని రైతు లేడు. తన పొలము తన పేరుమీద సర్కారు లెక్కలలో ఉండుట, తన పన్ను తానే కట్టుట నేడు మనకు సహజముగా తోచును. అయితే ఒకప్పుడు ఇది గొప్ప వివాదము. భూమికి పన్ను ఎంత ఉండవలెను, దానిని ఎవరినుండి వసూలు చేయవలెను అనే ప్రశ్నపై చెన్నపట్టణములోను లండనులోను ముప్పది సంవత్సరాలపాటు వాదప్రతివాదాలు జరిగినవి. ఆ వాదములో ఒక పక్షమునకు నాయకుడై, చివరకు గవర్నరు పీఠమెక్కి తన మాట నెగ్గించుకొన్నవాడు సర్ థామస్ మన్రో. తిరుమల శ్రీవారి పోటులో మన్రో గంగాళమనే పేరు వినని తిరుపతి విద్యార్థి అరుదు. కాని ఆ పేరుగల మనిషి ఎవరో తెలిసినవారు కొద్దిమందే. అందువలన ఆయన జీవితమును సంగ్రహముగా ఇక్కడ తెలుపదలచినాము.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరములో జన్మించినాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వలన ఆ వ్యాపారము దివాలా తీసినది. గ్లాస్గో విశ్వవిద్యాలయములో చదివిన కుమారుడు బ్రతుకుతెరువుకై ఈస్టిండియా కంపెనీ సైన్యములో చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణములో దిగినాడు. చిన్ననాట వచ్చిన తట్టు జబ్బు వలన ఆయనకు వినికిడి కొంత మందగించినది. వచ్చిన ఏడాదే హైదరాలీతో యుద్ధము మొదలైనది. కొన్నేండ్లు ఆయన సామాన్య సైనికాధికారిగా గడిపి, ఆ కాలములోనే పారశీ, హిందుస్తానీ భాషలను శ్రద్ధగా నేర్చుకొన్నాడు. తరువాత ఆయన ఉన్నతికి ఈ భాషాజ్ఞానమే మెట్టు అయినది.

1792లో టిప్పు సుల్తాను నుండి బారామహలు, అనగా నేటి సేలం, కృష్ణగిరి ప్రాంతము, కంపెనీకి వచ్చినది. అక్కడ కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ వద్ద మన్రో ఏడేండ్లు పనిచేసినాడు. మధ్యవర్తి లేకుండా ప్రతి రైతుతోను నేరుగా పన్ను ఒప్పందము చేసికొనే పద్ధతికి అక్కడే అంకురార్పణ జరిగినది. 1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట మైసూరు వ్యవహారాలు చక్కబెట్టిన సంఘమునకు మన్రో, జాన్ మాల్కం ఇద్దరూ కార్యదర్శులైనారు. ఈ మాల్కం పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1800లో నిజాము కంపెనీకి ఇచ్చివేసిన బళ్ళారి, అనంతపురం, కడప మొదలగు ప్రాంతాలకే దత్తమండలమని పేరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అంతవరకు ఈ కడప సీమలోనివే. మన్రో దత్తమండలమునకు ప్రధాన కలెక్టరుగా నియమితుడై 1807 వరకు ఉన్నాడు. అప్పుడా సీమలో సుమారు 80 మంది పాళెగాండ్రు ఉండిరి. ఒకే ఊరిపై పాళెగాడు, సర్కారు మనిషి, దారిదోపిడిగాడు ముగ్గురూ పన్ను వసూలు చేసే రోజులవి. మన్రో తొలి సంవత్సరాలలో డేరాలలోనే కాపురముండి ఊరూరా తిరిగి, పొలములు కొలిపించి, మట్టి తరగతులు నిర్ణయింపజేసి, రైతులతో నేరుగా మాట్లాడినాడు. పాళెగాండ్రలో కొందరికి భరణములిచ్చినాడు, కొందరిని సైన్యబలముతో తొలగించినాడు. ఈ కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లే ఆక్షేపించినారు.

ఇక్కడ ఒక మాట మనవి చేయవలసియున్నది. రైతు, జమాబందీ, తహశీల్దారు, రసీదు, ఫసలీ అనే మాటలు అరబ్బీ, పారశీ మూలముల నుండి తెలుగు పల్లెకు వచ్చినవి. మన కళాశాలలో ప్రక్కప్రక్కన బోధింపబడుచున్న రెండు భాషలు పన్ను కట్టే రైతు నోట ఏనాడో ఒకటైనవి. మన్రో కొత్త పద్ధతి కూడా ఆ పాత మాటలతోనే నడచినది.

ఇక అసలు వివాదమునకు వత్తము. 1793లో బెంగాలులో కారన్‌వాలిసు శాశ్వత పరిష్కారమును స్థాపించినాడు. జమీందారు సర్కారుకు స్థిరమైన పేష్కషు చెల్లించును, రైతు జమీందారుకు చెల్లించును. మద్రాసు ప్రభుత్వము 1802 నుండి ఇదే పద్ధతిని అనుసరించినది. మన పొరుగున ఉన్న కాళహస్తి, వెంకటగిరి, కార్వేటినగరము జమీలకు శాశ్వత సనదులు లభించినది ఆ కాలముననే. రెండవ పక్షమువారు గ్రామమంతటికి ఒకే మొత్తము నిర్ణయించి గుత్తకిచ్చుట మేలన్నారు. రెవిన్యూ బోర్డులో జాన్ హాడ్జ్‌సన్ వంటివారు రైతువారీని గట్టిగా వ్యతిరేకించినారు. మన్రో వాదము వేరు. సేద్యము చేసేవానికి, సర్కారుకు నడుమ కొత్తగా ఒక దొరను సృష్టించుట అనవసరమని, దక్షిణ దేశములో చిన్న రైతే భూమికి నిజమైన హక్కుదారుడని ఆయన అభిప్రాయము.

అయితే ఎవరు కట్టవలెననుటతో ఆయన ఆగలేదు. ఎంత కట్టవలెననునది అంతకంటె ముఖ్యమని గ్రహించినాడు. ఆయన లెక్క ప్రకారము దత్తమండలములో పన్ను మొత్తము పంటలో నూటికి 45 వంతులు. నూరు పుట్లు పండినచోట నలుబదియైదు పుట్ల విలువ సర్కారుకు పోయిన తరువాత విత్తనము, ఎద్దులు, కూలి, కుటుంబపోషణ అన్నీ మిగిలినదానితోనే జరుగవలెను. అట్టి భూమిని ఎవరూ కొనరు, దానిపై అప్పు ఇయ్యరు. పన్ను పంటలో మూడవ వంతుకు తగ్గితేనే భూమికి విలువ ఏర్పడునని ఆయన తేల్చినాడు. అందుకై 1807లో మెట్ట, మాగాణి భూములపై నూటికి 25 వంతులు, తోట భూములపై మూడవ వంతు పన్ను తగ్గించవలెనని సిఫారసు చేసినాడు. ప్రభుత్వము అంగీకరించలేదు. ఆయన స్వదేశమునకు పోగానే దత్తమండలములో గ్రామ గుత్తలు ప్రవేశపెట్టినది. గుత్తదారులనేకులు చెడిపోయినారు, రైతులు నలిగినారు.

లండనులో మన్రో ఊరకుండలేదు. కంపెనీ సనదు పునరుద్ధరణ సందర్భమున 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చినాడు. 1814లో జేన్ కాంబెల్‌ను వివాహమాడి, న్యాయవిధాన సంస్కరణ సంఘమునకు అధ్యక్షుడై తిరిగి వచ్చినాడు. 1816 నాటి శాసనములవలన గ్రామ మునసబులకు, పంచాయతీలకు చిన్న తగవులు తీర్చే అధికారము కలిగినది. తరువాత మరాఠా యుద్ధములో కొద్దిపాటి సైన్యముతో సాధించిన విజయములు ఆయన కీర్తిని పెంచినవి.

1818లో బొంబాయి గవర్నరు పదవి ఖాళీ కానుండగా, బోర్డు ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు జార్జ్ కానింగ్ మూడు పేర్లను డైరెక్టర్ల ముందుంచినాడు. అవి మాల్కం, ఎల్ఫిన్‌స్టన్, మన్రో. ముగ్గురూ స్కాట్లండువారే, ముగ్గురూ ఈ దేశములో చిన్న కొలువులతో పైకి వచ్చినవారే. గవర్నరు పదవులు సాధారణముగా ఇంగ్లండులోని పలుకుబడిగల కుటుంబాలకు దక్కే కాలములో ఇది విశేషము. అందరిలో చిన్నవాడైన ఎల్ఫిన్‌స్టన్‌కు బొంబాయి లభించినది. మాల్కం ఎంతో ఆశించి భంగపడినాడు. మరుసటి ఏడు మద్రాసు గవర్నరు పదవి మన్రోకు దక్కగా మాల్కమునకు రెండవసారి ఆశాభంగమైనది. ఆయన బొంబాయి పీఠమెక్కినది 1827లో. ఈ ఎన్నికలో పాల్గొన్నవారు లండనులోని 24 మంది డైరెక్టర్లు, పై అనుమతినిచ్చే రాజప్రభుత్వము మాత్రమే. ఎవరు గవర్నరైతే తమ పన్ను తగ్గునో, ఎవరైతే పెరుగునో ఆ రైతులకు అందులో నోరు లేదు. ఈ విషయమును మన విద్యార్థులు తప్పక గమనించవలెను.

1820 జూన్ 10న మన్రో పదవి స్వీకరించినాడు. పదమూడేండ్ల క్రిందట త్రోసిపుచ్చబడిన పన్ను తగ్గింపును ఆ ఏడాదే అమలుపరచినాడు. జమీలు తప్ప మిగిలిన రాజధానిలో రైతువారీయే సామాన్య విధానమైనది. తిరుమల దేవస్థాన నిర్వహణకు నియమావళిగా బ్రూసు కోడు 1821లో ఏర్పడినది కూడా ఆయన హయాములోనే. 1824 డిసెంబరు 31 నాటి సుప్రసిద్ధమైన నివేదికలో, ఈ దేశీయులకు ఉన్నతోద్యోగములివ్వకుండుట వారి శీలమునకే హానియని, వారు స్వయముగా పాలించుకొనగల దినము రావలెనని సూచించినాడు.

విద్యావిషయమున ఆయన చేసినది మనకు మరింత సన్నిహితము. 1822లో ఆయన రాజధానిలోని బడులన్నిటినీ లెక్కింపజేసినాడు. 1,28,50,941 మంది జనమునకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. అనగా సుమారు వెయ్యిమందికి ఒక బడి. 1826లో ఆయన ప్రతి జిల్లాకు రెండు ప్రధాన పాఠశాలలు, హిందువులకొకటి, ముస్లిములకొకటి స్థాపించవలెనని ప్రతిపాదించినాడు. ఆయన మరణానంతరము ఆ పథకము నీరుగారిపోయినది. ముస్లిముల చదువునకు ప్రత్యేక శ్రద్ధ అవసరమని రెండు వందల ఏండ్లనాడే గుర్తింపు పొందినను, కార్యరూపము దాల్చుటకు మనవారు చాలాకాలము వేచియుండవలసి వచ్చినది.

మన్రోను దోషరహితుడని మేము చెప్పబోము. పత్రికలకు స్వేచ్ఛనిచ్చుటను 1822లో ఆయన గట్టిగా వ్యతిరేకించినాడు. ఆయన హయాములో దత్తమండలపు రాబడి బాగా పెరిగినది, ఆ డబ్బు రైతు చెమట నుండి వచ్చినదే. పన్ను నగదులోనే కట్టవలెను, వానలు లేని ఏడాది మినహాయింపు కరణము, తహశీల్దారుల దయపై ఆధారపడెను. పన్ను వసూలుకై రైతులను హింసించుట నిజమేనని 1855లో ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే నిర్ధారించినది. మంచి పద్ధతియైనను దానిని నడిపేవారు చెడ్డవారైతే రైతుకు ఒరిగేదేమీ లేదని ఇందువలన తెలియుచున్నది. అయినను 1948లో మద్రాసు శాసనసభ జమీందారీలను రద్దుచేసినప్పుడు, ఆ భూములను రైతువారీ క్రిందికే మార్చినది. నాటి వాదములో నెగ్గినది ఎవరో అప్పుడు తేలినది.

1827లో పదవి వదలి స్వదేశమునకు పోవుటకు ముందు, మన్రో తన పాత దత్తమండలమును చివరిసారి చూడ బయలుదేరినాడు. దారిలో కలరా సోకి జూలై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో మరణించినాడు. గుత్తిలో ఖననము చేసి, కొన్నేండ్లకు అవశేషములను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించినారు. సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. తిరుమల గంగాళమునకు నైవేద్య ఖర్చులు ఆయన ఏర్పాటు చేసినాడని, మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చినారని జనులు చెప్పుకొందురు. ఈ కథలకు చరిత్రాధారములెట్లున్నను, పరమతస్థుడైన ఒక పరదేశి అధికారిని మన ప్రజలు తమ దేవుళ్ళ కథలలో చేర్చుకొన్నారనుట మాత్రము సత్యము.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు కలెక్టర్లు, తహశీల్దార్లు కాగలరు. అందరూ ఓటర్లు కాగలరు. అధికారి అయినవారు కాగితము చూచుటకు ముందు పొలము చూడవలెను. ఓటరు అయినవారు అభ్యర్థి మాటకారితనము గాక, పన్ను భారము ఎవరి నెత్తిన పెట్టుచున్నాడో విచారించవలెను. నాటి రైతుకు లేని ఓటు నేడు మన చేతిలో ఉన్నది. దానిని తెలివితో వాడుకొనుటయే ఈ చరిత్ర చదివినందుకు ఫలము.