గుండు జాడ చూపిన రాంట్‌జెన్

మన ఏజెన్సీ గ్రామాల్లో నాటు తుపాకి పేలి కంట్లో సీసపు గుండు దూరితే, అది ఎక్కడున్నదో ముందుగా చూపేది ఎక్స్‌రే కిరణాలే. వాటిని కనుగొన్న మహనీయుడు విల్‌హెల్మ్ రాంట్‌జెన్.

ఆయన 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో ఒక బట్టల వర్తకుని ఇంట జన్మించారు. వూర్జ్‌బర్గ్‌లో ఆచార్యులుగా ఉండగా 1895 నవంబరు 8న ఈ కిరణాలను గుర్తించారు. డిసెంబరు 22న భార్య చేతికి ఫొటో తీయగా ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. అంతవరకు వైద్యులు గాయంలోకి సలాక దింపి గుండును వెతికేవారు. 1897లో మన దేశపు వాయవ్య సరిహద్దున జరిగిన తిరా యుద్ధంలోనే క్షతగాత్రులకు ఈ కిరణాలు ఉపయోగపడ్డాయి.

1901లో భౌతికశాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. పేటెంటు తీసుకోలేదు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూశారు.

నేటి సి.టి. స్కాన్ కూడా ఆ కిరణాలతోనే పనిచేస్తుంది. కనుగుడ్డు వెలుపల నిలిచి, బాధ పెట్టని సీసపు గుండును డాక్టర్లు ఒక్కోసారి కదపకుండా వదిలేస్తారు. ఇనుప ముక్క ఉందన్న అనుమానముంటే ఎం.ఆర్.ఐ. తీయరాదు, అయస్కాంతం దాన్ని కదిపితే చూపు పోవచ్చు. అందుచేత గాయమెలా తగిలిందో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కన్ను నలపరాదు, ముక్కను లాగరాదు. కన్ను నొక్కుకోకుండా పైన కప్పు పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.