తరంగాన్ని పట్టారు, హక్కును వదిలారు: జగదీశ్ చంద్ర బోస్ జీవితం

ఉర్లా (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధానిని ఆనుకుని ఉన్న ఉర్లా పారిశ్రామికవాడ ఇనుము, ఉక్కు కర్మాగారాలకు పేరుపొందింది. అక్కడి రేకుల షెడ్లలో పనిచేసే వారికి ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే ఒక భౌతికశాస్త్ర నియమం తెలుసు. షెడ్డు లోపలికి వెళ్లేకొద్దీ ఫోనులో సిగ్నల్ సన్నగిల్లుతుంది. గుమ్మం దాకా వస్తే తిరిగి అందుతుంది. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలు మార్గం వెంట బతుకుతెరువు కోసం ఇటు వచ్చిన తెలుగువారికీ ఇది నిత్యానుభవమే. లోహం రేడియో తరంగాన్ని తిప్పికొడుతుంది. ఇటుక గోడ, చెక్క తలుపు కొంత మేరకు దారి ఇస్తాయి.

ఏ పదార్థం తరంగానికి అడ్డుపడుతుంది, ఏది దారి ఇస్తుంది, ఏది దాన్ని వంచుతుంది అన్న ప్రశ్నలను మన దేశంలో తొలిసారి ప్రయోగశాలలో నిగ్గుతేల్చిన శాస్త్రజ్ఞుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణస్పందన ఉందని చాటిన పరిశోధకుడిగానే పాఠశాల పుస్తకాలు ఆయనను ఎక్కువగా పరిచయం చేస్తాయి. అయితే ఇళ్లలో వైఫై రూటర్లు, ప్రయాణాల్లో మొబైల్ హాట్‌స్పాట్‌లు వాడుకలోకి వచ్చిన ఈ కాలంలో ఆయన జీవితంలోని మరో అధ్యాయాన్ని గుర్తుచేసుకోవలసి ఉంది. అది తీగలేని తరంగాలపై ఆయన చేసిన కృషి, ఆ కృషి ఫలితంపై హక్కు తనకు అక్కరలేదన్న ఆయన నిర్ణయం.

మాతృభాషలో తొలి పాఠాలు

జగదీశ్ చంద్ర బోస్ 1858 నవంబరు 30న అవిభక్త బెంగాల్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ప్రభుత్వోద్యోగి, బ్రహ్మసమాజ అనుయాయి. ఉన్నతోద్యోగుల పిల్లలు ఆంగ్ల పాఠశాలలకు వెళ్లడం గౌరవంగా భావించే ఆ రోజుల్లో ఆయన కుమారుణ్ని బెంగాలీ బడిలో చేర్పించారు. అక్కడ జగదీశ్‌కు ఒక పక్కన తండ్రి వద్ద పనిచేసే ముస్లిం సేవకుని కుమారుడు, మరో పక్కన జాలరి కుమారుడు కూర్చునేవారు. చేపలు, పక్షులు, నీటి జీవుల గురించి వారు చెప్పిన కథలే తనలో ప్రకృతి పరిశీలనపై ఆసక్తిని రేకెత్తించాయని ఆయన తరువాతి కాలంలో స్మరించుకున్నారు.

ఆపై కలకత్తాలోని హేర్ స్కూలు, సెయింట్ జేవియర్స్ పాఠశాల, కళాశాలలలో చదువు సాగింది. భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలతో బోధించిన ఫాదర్ యూజీన్ లాఫాంట్ ప్రభావం ఆయనపై బలంగా పడింది. వైద్యవిద్య కోసం 1880లో లండన్ వెళ్లినప్పటికీ, వెంటాడిన జ్వరం వల్ల ఆ చదువును విరమించుకున్నారు. కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు అభ్యసించి 1884లో పట్టభద్రులయ్యారు. లార్డ్ రేలీ అక్కడ ఆయనకు గురువు.

జీతం తీసుకోని మూడేళ్లు

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా ఆయన తాత్కాలిక నియామకం పొందారు. ఐరోపా ఆచార్యులకు ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులు మాత్రమే భారతీయులకు ఇచ్చేవారు. తాత్కాలిక ఉద్యోగం కావడంతో అందులోనూ సగమే దక్కేది. బోస్ దీనికి నిరసనగా ఉద్యోగం మానలేదు, పాఠం ఆపలేదు. జీతం మాత్రం ముట్టలేదు. మూడేళ్లపాటు అలాగే బోధించారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చి పూర్తి జీతాన్ని వెనుకటి తేదీ నుంచి మంజూరు చేసింది. స్వదేశీ పరిశ్రమలు నెలకొల్పే ప్రయత్నంలో తండ్రి చేసిన అప్పులను తీర్చడానికి ఆ సొమ్ము ఉపయోగపడింది.

ఆ లేమి రోజుల్లోనే, 1887లో, ఆయనకు అబలా దాస్‌తో వివాహమైంది. మహిళలకు కలకత్తాలో వైద్యవిద్య అందుబాటులో లేనందున ఆమె మద్రాసు వచ్చి వైద్యం చదివారు. అనారోగ్యం వల్ల చదువు పూర్తికాకపోయినా, అనంతర కాలంలో బెంగాల్‌లో స్త్రీవిద్యా వ్యాప్తికి ఆమె చేసిన సేవ విశేషమైనది.

డబ్బు విషయంలో బోస్ తీసుకున్న నిర్ణయాలను బేరీజు వేసేటప్పుడు ఈ మూడేళ్లను మరవరాదు. ఆయన సొమ్ము విలువ తెలియని అమాయకుడు కాడు. న్యాయంగా రావలసిన ప్రతి రూపాయి కోసం పట్టుబట్టిన వ్యక్తి. తరువాత పేటెంటును కాదన్నప్పుడు కూడా అది ఆలోచించి చేసిన ఎంపికే.

చిన్న గది, తగరపు పనివాడు

హెర్ట్జ్ కనుగొన్న విద్యుదయస్కాంత తరంగాలపై ఆలివర్ లాడ్జ్ చేసిన ప్రసంగ పాఠం 1894లో బోస్ దృష్టికి వచ్చింది. ప్రెసిడెన్సీ కళాశాలలో భారతీయ ఆచార్యుడికి ప్రత్యేక ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, శాస్త్రశిక్షణ ఎరుగని స్థానిక తగరపు పనివాడి చేత తనకు కావలసిన పరికరాలు చేయించుకున్నారు.

హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి. వాటికి తగినట్లే పరికరాలూ పెద్దవి. బోస్ తరంగదైర్ఘ్యాన్ని సుమారు 25 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల దాకా తగ్గించారు. తరంగం పొట్టిదైతే పరికరమూ చిన్నదవుతుంది. ఆ విధంగా ఆయన సామగ్రి అంతా బల్లమీద పెట్టుకునేటంత పొందికగా కుదిరింది. తరంగాన్ని పోగుచేసేందుకు గరాటు ఆకారపు లోహపు గొట్టం, వంచేందుకు గంధకపు పట్టకం వాడారు. తరంగ కంపనాన్ని ఒకే తలానికి పరిమితం చేసే ధ్రువణ పరీక్షకు ఆయన ఎంచుకున్న వస్తువు రైల్వే కాలపట్టిక పుస్తకం. దాని పుటల మధ్య పలుచని తగరపు రేకులు ఉంచారు. మెలితిప్పిన జనపనార కట్టలతోనూ ధ్రువణ తలాన్ని తిప్పి చూపారు. కలకత్తా బజారులో దొరికే వస్తువులతో ఆయన చేసిన ఈ ప్రయోగాల వివరాలు లండన్ రాయల్ సొసైటీ దాకా వెళ్లాయి.

1895 ప్రాంతంలో కలకత్తా టౌన్‌హాలులో లెఫ్టినెంట్ గవర్నర్ సమక్షంలో బోస్ బహిరంగ ప్రదర్శన ఇచ్చారు. తీగ ఏదీ లేకుండా పంపిన తరంగం గోడలను దాటి, అవతలి గదిలో గంట మోగించి, తుపాకిమందును పేల్చింది. మార్కొనీ బ్రిటన్‌లో తన తొలి పేటెంటుకు 1896లో దరఖాస్తు చేశారు. అంతకు ముందే జరిగినదిగా చెప్పే ఈ ప్రదర్శన అందుకే చరిత్రలో ప్రత్యేకంగా నిలిచింది. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారపు సాయంకాల ప్రసంగం చేసే గౌరవం కూడా బోస్‌కు దక్కింది.

ఇద్దరి లక్ష్యాలు వేరు. మార్కొనీ సందేశాన్ని దూరతీరాలకు చేర్చే వ్యాపార సాధనాన్ని నిర్మించదలిచారు. బోస్ తరంగ స్వభావాన్ని తెలుసుకోదలిచారు. దూరం పోవడానికి పొడవు తరంగాలే అనువైనవి కావడంతో పరిశ్రమ ఆ దారి పట్టింది. బోస్ పొట్టి తరంగాలు దశాబ్దాలపాటు అక్కరకు రానివిగా మిగిలిపోయాయి.

తిప్పి పంపిన ఒప్పంద పత్రం

1899లో బోస్ ఇనుము, పాదరసం, టెలిఫోనులతో కూడిన ఒక తరంగ గ్రాహకాన్ని రాయల్ సొసైటీకి నివేదించారు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ మహాసముద్రం అవతలి నుంచి వచ్చిన సంకేతాన్ని అందుకునేందుకు మార్కొనీ వాడిన పాదరసపు గ్రాహకానికి మూలం ఇదేనని కొందరు సాంకేతిక చరిత్రకారులు వాదించారు. దాన్ని ఇటలీ నౌకాదళం నుంచి వచ్చిన పరికరంగా చెప్పేవారూ ఉన్నారు.

అదే సంవత్సరం వేసవిలో, బోస్ లండన్‌లో ఉండగా, ఒక టెలిగ్రాఫ్ సంస్థ యజమాని పేటెంటు పత్రంతో ఆయన వద్దకు వచ్చారు. ఆవిష్కరణను బయటపెట్టకుండా ఉంటే పెట్టుబడి తాను పెట్టి, లాభంలో సగం ఇస్తానన్నారు. బోస్ అంగీకరించలేదు. ధనాశ అనే ఉచ్చులో ఒకసారి చిక్కితే బయటపడే దారి ఉండదన్న భయాన్ని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాగూర్‌కు రాసిన లేఖలో వెల్లడించారు.

అయినా ఆయన పేరిట ఒక అమెరికా పేటెంటు ఉంది. సిస్టర్ నివేదిత, సారా బుల్ వంటి మిత్రులు పట్టుబట్టడం వల్ల 1901 సెప్టెంబరులో దరఖాస్తు దాఖలై, 1904 మార్చి 29న 755,840 సంఖ్యతో మంజూరైంది. అందులో సగం హక్కు సారా బుల్ పేరిట ఉంది. గెలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికంతో తరంగాన్ని పసిగట్టే పరికరం అది. అర్ధవాహకాన్ని వినియోగించిన పరికరానికి లభించిన తొలి పేటెంట్లలో ఒకటిగా దీన్ని పరిగణిస్తారు. బోస్ ఆ హక్కుతో ఏ వ్యాపారమూ చేయలేదు. గడువు తీరిపోనిచ్చారు. 1920లలో సామాన్యుల ఇళ్లలోకి వచ్చిన స్ఫటిక రేడియోలు ఆ ఖనిజంతోనే పలికాయి.

ఈ త్యాగానికి మూల్యమూ ఉంది. హక్కు లేనిచోట పరిశ్రమ రాలేదు. తీగలేని వార్తా వ్యవస్థ విదేశీ సంస్థల చేతుల్లో పెరిగింది. 1909 నోబెల్ బహుమతి మార్కొనీ, బ్రౌన్‌లకు దక్కింది. బోస్ పేటెంట్లు తీసుకుని ఉంటే భారతీయ పరిశ్రమకు బీజం పడేదన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే వలస పాలనలో, పెట్టుబడి, న్యాయస్థానాలు, విపణి అన్నీ పరాయివారివే అయిన కాలంలో ఆ హక్కు ఎవరికి లాభించి ఉండేదన్న ప్రశ్నా అంతే బలమైనది.

నిర్ణయం నియమమైన వేళ

1900 తరువాత బోస్ దృష్టి మొక్కల స్పందనల వైపు మళ్లింది. సూక్ష్మమైన ఎదుగుదలను ఎన్నో రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను రూపొందించారు. ఆయన నిర్ధారణలను కొందరు బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్తలు తీవ్రంగా వ్యతిరేకించారు. రాయల్ సొసైటీ సభ్యత్వం 1920లో గాని లభించలేదు. 1915లో కళాశాల నుంచి విరమించి, తాను కూడబెట్టిన సొమ్ముతో, ప్రజల విరాళాలతో 1917 నవంబరు 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించారు. అక్కడ జరిగే ఆవిష్కరణలు ప్రచురణల ద్వారా అందరి సొత్తు అవుతాయనీ, వాటికి పేటెంట్లు తీసుకోబోమనీ ప్రారంభ ప్రసంగంలో ప్రకటించారు. 1901లో వ్యక్తిగా తీసుకున్న నిర్ణయం పదహారేళ్ల తరువాత ఒక సంస్థకు నియమమైంది.

గాలి ఎవరి సొత్తు

బోస్ జీవించి ఉండగానే ఈ ప్రశ్న చట్టంలోకి వచ్చింది. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా తీగలేని పరికరాన్ని ఉంచుకోవడాన్నే నేరం చేసింది. ఇంట్లో రేడియో ఉంటే తపాలా కార్యాలయంలో రుసుము కట్టి పుస్తకంపై ముద్ర వేయించుకున్న జ్ఞాపకం పెద్దలకు ఇంకా ఉంది. 2005లో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుంచి మినహాయించిన తరువాతే ఇళ్లలో, హోటళ్లలో, రైల్వేస్టేషన్లలో వైఫై విస్తరణకు మార్గం సుగమమైంది.

కొత్త రూటర్ కొనేవారు 2.4 మేలా, 5 గిగాహెర్ట్జ్ మేలా అని తర్జనభర్జన పడటం నేడు మామూలే. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండోది సుమారు 6. పొడవైనది సాధారణంగా గోడలను మెరుగ్గా దాటుతుంది. రెండో పట్టీలో విశాలమైన దారులు దొరుకుతాయి గనుక వేగం ఎక్కువ, కానీ పక్కగదికి చేరేసరికి బలం తగ్గుతుంది. ఐదో తరం ఫోన్ల కోసం 2022లో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగం 12 మిల్లీమీటర్లకు లోపే. అది బోస్ పనిచేసిన పరిధిలోనిది. దశాబ్దాలపాటు నిరుపయోగంగా కనిపించిన పొట్టి తరంగాల విలువను నేడు వేలంపాటలో కడుతున్నారు.

ఆయన చేరుకున్న 5 మిల్లీమీటర్ల తరంగం దాదాపు 60 గిగాహెర్ట్జ్‌కు సమానం. అమెరికా సహా పలు దేశాల్లో ఆ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. భారత్‌లోనూ అలాగే తెరవాలని ఇంటర్నెట్, పరికరాల సంస్థలు, వేలం లేకుండా ఇవ్వరాదని మొబైల్ సంస్థలు ఏళ్లుగా వాదించుకుంటూ వచ్చాయి. తెరిస్తే చౌకైన పరికరాలు, కొత్త సేవలు వస్తాయన్నది ఒకరి మాట. కోట్లు పోసి స్పెక్ట్రం కొన్నవారికి అది అన్యాయమన్నది మరొకరి మాట. బోస్ ముందు లండన్‌లో పరచిన పత్రంలోనూ చిక్కు ఇదే. అందరికీ చెందవలసినదానికి కంచె ఎక్కడ వేయాలి, ఎవరి కోసం వేయాలి?

జగదీశ్ చంద్ర బోస్ 1937 నవంబరు 23న నేటి ఝార్ఖండ్‌లోని గిరిడీలో కన్నుమూశారు. ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తలలో ఒకరైన వాల్టర్ బ్రాటెన్ అనంతర కాలంలో, అర్ధవాహక స్ఫటికంతో రేడియో తరంగాన్ని పసిగట్టడంలో బోస్‌దే తొలి స్థానమని అంగీకరించారు. ఆయన చేయించుకున్న పరికరాలు కొన్ని కోల్‌కతాలోని బోస్ సంస్థలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి నిర్మాణాన్ని ఆయన దాచలేదు. పరిశోధన పత్రాలలో పూసగుచ్చినట్లు రాసి, చదివి చేసుకోగలవారికి వదిలివెళ్లారు.