కొమర్రాజు వేంకటలక్ష్మణరావు పంతులుగారు

గత సంవత్సర మొకనాఁడు మేము తొమ్మిదవ తరగతిలో కాకతీయులనుగూర్చి పాఠము చెప్పుచుండఁగా నొక బాలుఁడు మా ప్రశ్నకు ఇంగ్లీషున తడఁబడక సమాధాన మొప్పగించెను. అదే సంగతిని తెలుఁగున చెప్పుమని యడుగఁగా తలవంచుకొని నిలిచెను. వాని తప్పేమియు లేదు. అమీరుపేట, పంజాగుట్టలలో వీథివీథికిని కోచింగు సెంటర్లు వెలసియున్నవి. చరిత్రమును మార్కులకొఱకు వల్లించుటయే మన మందఱమును వానికి నేర్పితిమి. ఆ సాయంకాలము మాకు జ్ఞప్తికి వచ్చిన మహనీయుని కథను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును వినిపింపఁ దలఁచితిమి.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీని కృష్ణామండలమునఁ బెనుగంచిప్రోలులో జన్మించిరి. ఆ గ్రామ మిప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. పసితనముననే తండ్రిని గోల్పోయిన యాయనను అక్కగారైన బండారు అచ్చమాంబగారును బావగారును తమతో నాగపురమునకుఁ గొనిపోయి చదివించిరి. అచట మరాఠీభాష యాయనకు స్వభాషవలె నలవడెను. అక్కగారు బడికిఁ బోయినవారు కారు. తమ్ముఁడు చదువుకొనుచుండఁగాఁ బ్రక్కనఁ గూర్చుండి తామును నేర్చికొని, గొప్పస్త్రీల జీవితములను సేకరించి అబలాసచ్చరిత్రరత్నమాలను రచించి, 1905లో చిన్నవయసుననే గతించిరి. ఒక్క దీపముక్రింద నిద్దఱు చదివిన యా చదువును దలఁచుకొనునప్పుడెల్ల, మా తరగతులలోని బాలికలలో నెందఱి యన్నదమ్ములు పుస్తకమును వారివైపు త్రిప్పి పెట్టుచున్నారో యని మే మనుకొనుచుందుము.

1900లో ఎం.ఏ. పట్టము పొందిన పిమ్మట లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగాఁ బనిచేసిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపించిన పెద్దలలో నాయన యొకరు; రావిచెట్టు రంగారావుగారును మునగాల రాజాగారును వారి తోడు. సుల్తానుబజారులోని యా గ్రంథాలయము నేఁటికిని నిలిచియున్నది.

ఆ కాలపు స్థితి యెట్టిదో చెప్పకున్న ఆయన పని విలువ తెలియదు. నిజాముప్రభుత్వపు బడులలో ఉర్దూ, మదరాసు రాజధానిలోని పైతరగతులలో ఇంగ్లీషు బోధనభాషలు. తెలుఁగుమాత్రమే వచ్చిన వానికి లోకచరిత్రము, అర్థశాస్త్రము, ప్రకృతిశాస్త్రము అందనివియే. ఈ లోటు తీర్చుటకు 1906లో ఈ నగరముననే ఆయన మిత్రులతోఁ గలసి విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అబ్రహాము లింకను చరిత్రము వ్రాసిరి. లక్ష్మణరావుగారు తామే హిందూమహాయుగమును, పిదప మహమ్మదీయమహాయుగమును రచించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటిభాగము 1910లో వెలువడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రమును మండలి ప్రచురించినదే. ఇప్పుడు మేము సాంఘికశాస్త్రమని యొక్కపేరుతో బోధించు విషయములలోఁ బెక్కింటికి ఆనాఁడు తెలుఁగు మాటలను వెదకవలసివచ్చెను. శాసనములను చదివి, సాక్ష్యమును తూఁచి, పిమ్మటనే వ్రాయుట పంతులుగారి పద్ధతి. కేవలము విన్నదానిని చరిత్రమని యాయన యొప్పుకొనలేదు.

మండలి 1908లో మదరాసునకుఁ దరలెను. 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు కన్నుమూసినది అచట లక్ష్మణరావుగారి యింటనే. ఆయన తుదిదినముల శ్రమయంతయు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకే ధారపోయఁబడెను. వ్యాసములు వ్రాయించుట, దిద్దుట, వ్రాయువారు లేనిచోఁ దామే వ్రాయుట! మూఁడు సంపుటములు వెలువడెను. ఉబ్బసము బాధించుచున్నను పని మానలేదు. 1923 జూలైలో, నలువదియాఱేండ్లకే, ఆ గ్రంథము ముగియకమునుపే యాయన మరణించిరి. తరువాతఁ గాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టిరి.

ఈ యేడు మేము పిల్లలకొక చిన్నపని యిచ్చితిమి: తమ కుటుంబ మీ పేటకు ఎప్పుడు, ఏ యూరినుండి, యేల వచ్చెనో పెద్దల నడిగి తెలుఁగున నొక పుట వ్రాసికొని రావలెను, చెప్పినవారి పేరు, చూచిన కాగితము క్రింద పేర్కొనవలెను. తలవంచుకొన్న యా బాలుఁడు ముప్పాతికపుట వ్రాసి తెచ్చెను. అక్షరదోషములు పదునొకండు. క్రింద, తాతగారి పేరును, ఆయన దాఁచియుంచిన పాత రేషనుకార్డులోని సంవత్సరమును వ్రాసియుండెను.