కోర్టుకన్నా చర్చే మేలన్న గిరి

ఆఫర్ లెటర్ చేతికి రాగానే మీ చూపు ముందు ఎక్కడికెళ్తుంది? జీతం అంకె మీదికే కదా! ఆ అంకె ఎలా ఖాయమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? విమానయానం, బ్యాంకింగ్, బొగ్గు, ఉక్కు లాంటి రంగాల్లో చాలాసార్లు యూనియన్లు, యాజమాన్యాలు నెలల తరబడి బేరమాడితే గానీ తేలదు. బేరం చెడితే సమ్మె, లేదంటే కోర్టు. ఇలాంటి తగాదాల మధ్యే జీవితం గడిపి, వాటిలో ఒకదానికోసం కేంద్రమంత్రి పదవినే వదులుకున్న తెలుగాయన వరాహగిరి వెంకటగిరి. జీకే పుస్తకంలో మీకు ఆయన నాలుగో రాష్ట్రపతి. అసలు కథ అంతకుముందే ఉంది.

డబ్లిన్‌లో తొలి పాఠం

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ, ఇప్పుడు ఒడిశా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న లాయరు. కొడుకు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. అదే ఏడాది అక్కడ పెద్ద లాకౌట్ మొదలైంది. రవాణా కార్మికుల యూనియన్‌తో తెగదెంపులు చేసుకుంటామని సంతకం పెట్టనివాళ్లకు యజమానులు గేట్లు మూసేశారు. దాదాపు 20 వేల మంది నెలల పాటు పని లేకుండా పోయారు. లా చదవడానికి వెళ్లిన కుర్రాడికి కార్మికుడి కష్టం కళ్లెదుటే కనిపించింది. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1916లో ఆయన్ను అక్కడి నుంచి పంపేశారు.

ఖరగ్‌పూర్‌లో పరీక్ష

బరంపురంలో ప్రాక్టీసు పెట్టినా ఎన్నాళ్లో చేయలేదు. సహాయ నిరాకరణ ఉద్యమం పిలుపుతో నల్లకోటు తీసేశారు. తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల వైపు నిలబడ్డారు. ఆ కంపెనీకి ఖరగ్‌పూర్‌లో భారీ వర్క్‌షాపులుండేవి. వాటిలో తెలుగువాళ్లూ పెద్దసంఖ్యలో పనిచేసేవారు. 1920ల చివర్లో కంపెనీ ఉద్యోగాల కోతకు దిగింది. గిరి నడిపించిన సమ్మె శాంతియుతంగా సాగింది. చివరికి యాజమాన్యం దిగిరాక తప్పలేదు. ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయనొకరు. ఏఐటీయూసీకి రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

మంత్రి అయ్యాక...

సమ్మెలు చేయించిన మనిషి 1952లో కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. అప్పటికి తగాదా ముదిరితే ప్రభుత్వం దాన్ని ట్రిబ్యునల్‌కు పంపడం మామూలైపోయింది. గిరికి ఈ పద్ధతి నచ్చలేదు. ఎందుకో చూడండి. కేసు అన్నాక ఒకరు గెలవాలి, ఇంకొకరు ఓడాలి. మర్నాడు ఇద్దరూ అదే గేటులోంచి పనికి రావాలి. ఏళ్లు గడుస్తాయి, ఖర్చు పెరుగుతుంది, కసి మిగులుతుంది. పైగా జడ్జి ఉన్నాడు కదా అని రెండు పక్షాలూ సర్దుకుపోవడం మర్చిపోతాయి. అందుకే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి, కుదరకపోతే మధ్యవర్తి రావాలి, ట్రిబ్యునల్ ఆఖరి మెట్టు కావాలి అన్నారాయన. దీనికే ‘గిరి విధానం’ అని పేరొచ్చింది. విచిత్రమేంటంటే, యజమానులే కాదు, కొన్ని యూనియన్లూ ఒప్పుకోలేదు. తమది బలహీన పక్షమని, ట్రిబ్యునల్ అండ పోతే నష్టమని వాటి భయం. ఆ భయం ఉత్తదేం కాదు. గిరి ఆలోచన చట్టం కాలేకపోయింది.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతాల కేసు వచ్చింది. 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. బ్యాంకులు ఆ భారం మోయలేవంటూ కేంద్రం అందులో కోతలు పెట్టింది. ట్రిబ్యునల్‌కు వెళ్లడమే ఇష్టం లేని గిరి, వెళ్లాక వచ్చిన తీర్పును మాత్రం గౌరవించాల్సిందే అన్నారు. ఆట మధ్యలో రూల్స్ మారిస్తే ఇక ఎవరు నమ్ముతారు? ఆగస్టులో రాజీనామా చేసేశారు. తర్వాత ప్రభుత్వం గజేంద్రగడ్కర్ కమిషన్ వేసి విషయాన్ని మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది.

బ్యాంకు పరీక్షకు చదివే మీకు...

గిరి గవర్నర్‌గా, ఉపరాష్ట్రపతిగా పనిచేసి 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నిక గెలిచారు. 1974 మేలో ఆయన రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే రైల్వే సమ్మె జరిగింది. ముందు నిలబడింది ఆయన ఒకప్పుడు స్థాపించిన ఫెడరేషనే. వేలమంది అరెస్టయ్యారు, మూడు వారాల్లోపే సమ్మె ఆగిపోయింది. చర్చలు విఫలమైతే ఎంత నష్టమో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. 1975లో ఆయనకు భారతరత్న వచ్చింది. 1980లో కన్నుమూశారు.

మరి ఆయన ఆలోచన ఏమైంది? ఆయన పదవి వదిలింది బ్యాంకు ఉద్యోగుల కోసమే కదా. అదే రంగంలో 1966లో బ్యాంకుల సంఘం, యూనియన్లు ట్రిబ్యునల్‌తో పని లేకుండా నేరుగా కూర్చుని మొదటి ద్వైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. 2024లో 12వది కుదిరింది. రేపు మీరు క్లర్క్‌గానో, ఆఫీసర్‌గానో చేరితే మీ జీతం తేలేది ఇలాంటి ఒప్పందంతోనే. ఏదో ఒకరోజు మీరూ ఆ చర్చల్లో కూర్చోవచ్చు, యూనియన్ వైపో, మేనేజ్‌మెంట్ వైపో. ఎదుటివాళ్ల లెక్కలు కూడా చదువుకుని వెళ్లండి. రేపు పనిచేయాల్సింది వాళ్లతోనే మరి!