చిప్పగిరి చేరిన బాటసారి: శ్రీ విజయదాసులవారు

కర్నూలు జిల్లా పడమటి సీమలో, గుంతకల్లు నుండి డోనుకు పోవు రైలు దారిలో తుగ్గలి యను ఊరు కలదు. నల్లరేగడి చేలు, నడుమ నడుమ బోడిగుట్టలు, వానకాలమున వజ్రములకై నేల వెదకు జనము, ఇదియే ఆ సీమ స్వరూపము. తుగ్గలికి దగ్గరనే గుత్తి–పత్తికొండ దారిలోని ఎఱ్ఱగుడి గుట్టమీద అశోక చక్రవర్తి శాసనములున్నవి. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దినాటి ఆ శిలలమీద, దారుల వెంట మనుష్యులకును పశువులకును పనికివచ్చునట్లు బావులు త్రవ్వించి చెట్లు నాటించిన సంగతి చెక్కబడియున్నది. బాటసారికి నీరు, నీడ కల్పించుట ధర్మమని ఈ నేల రెండువేల యేండ్లకు పూర్వమే విన్నదన్నమాట. ఈ సీమలోనే చిప్పగిరియందు, జీవితమెల్ల బాటసారియై గడపిన ఒక మహాభక్తుడు తన కడపటి మజిలీ చేసికొనెను. ఆయనయే హరిదాస శ్రేష్ఠులైన శ్రీ విజయదాసులవారు.

దాసులవారు 1682లో, నేటి కర్ణాటక రాష్ట్రమందలి రాయచూరు జిల్లా మాన్వి తాలూకా చీకలపర్వి గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసప్ప, తల్లి కూసమ్మ. తలిదండ్రులు పెట్టిన పేరు దాసప్ప. శ్రీ రాఘవేంద్రస్వాములవారు మంత్రాలయమున బృందావన ప్రవేశము చేసిన 1671వ సంవత్సరమునకు ఇది పదునొకండేండ్ల తరువాతి మాట. ఆ కాలము శాంతికాలము కాదు. 1686లో బిజాపురము, 1687లో గోలకొండ మొగలాయి సేనల వశమైనవి. 1688లో ఆదవాని కోట లొంగిపోయెను. దండులు నడచిన దారుల ప్రక్కన పంటలు నిలుచుట అరుదు. 1702 మొదలు 1704 వరకు దక్కనును గొప్ప క్షామము పీడించెను. ఇట్టి దినములలో పేద వైదిక కుటుంబమున జ్యేష్ఠపుత్రుడై పుట్టుట యనగా ఆకలిని వారసత్వముగా పొందుటయే.

దాసప్ప యౌవనమునందే ఇల్లు విడిచిపోయెను. ఇచట మనము ఒక సంగతిని దాచుకొనరాదు. ఆ మొదటి ప్రయాణమునకు కారణము వైరాగ్యము కాదు, దారిద్ర్యము. ఎక్కడనైన బ్రతుకుతెరువు దొరకునా యని తిరిగెను. నాలుగేండ్లు తిరిగి, వెళ్ళినప్పటి చేతులతోనే ఇంటికి మరలివచ్చెను. దారి ఆయనకు ఏమియు ఇయ్యలేదు. పిదప అరళమ్మ యను సాధ్వితో వివాహమయ్యెను. సంసారము పెరిగెను, సంపాదన మాత్రము పెరుగలేదు. ఇంట పొయ్యి వెలుగని దినములు గడచుచుండగా దాసప్ప మరల బయలుదేరెను. ఈ తడవ కాశికి.

నేడు రైలెక్కి రెండు దినములలో కాశి చేరు మనకు ఆ నడక ఎట్టిదో ఊహించుట కష్టము. చీకలపర్వి నుండి కాశికి ఎనిమిది వందల మైళ్ళకు పైగా దూరము. కృష్ణ, గోదావరి, నర్మద మొదలగు నదులను దాటవలెను. సాత్పురా, వింధ్య పర్వతశ్రేణుల అడవులగుండ పోవలెను. దినమునకు పది పన్నెండు మైళ్ళు తప్పక నడచినను రెండున్నర మాసములు పట్టును. ఏకాదశి ఉపవాసములు, నదుల వరదలు, వానకాలపు మజిలీలు కలిసినచో ఇంకను హెచ్చు. కొండదారిలో ఒంటరిగా పోవుట ప్రమాదకరము గనుక యాత్రికులు గుంపులు కట్టుదురు. సరుకులు మోయు ఎద్దుల బిడారులను వెంబడింతురు. దయగల బండివాడు దొరకినచో ఒక ఆమడ దూరము కాళ్ళకు విశ్రాంతి. రాత్రికి సత్రమో, మఠమో, గుడి మండపమో, లేదా ఊరివారి అరుగో.

చేతిలో కాసులేని యాత్రికుడు ఆశ్రయమిచ్చిన చోట ఊరక తినడు. తెల్లవారుజామున గుడి వాకిలి ఊడ్చి నీరు చల్లును. బావినుండి అభిషేకమునకు బిందెలు మోసికొనివచ్చును. గంధము తీయును, తులసిమాల కట్టును, వంటశాలలో కూరలు తరుగును. శాస్త్రము తెలిసినవాడు పురాణము చెప్పును, గొంతు కలవాడు సంకీర్తనము చేయును. ఇది కూలి కాదు, దానమును కాదు. దేవుని ఇంటిలో ఒక రాత్రి తలదాచుకొన్నవాడు ఆ ఇంటి పనిలో చేయి కలుపుట మాత్రమే. యాత్రాధర్మము ఈ విధముగానే తరతరముల నుండి నిలిచివచ్చినది.

కాశియందు దాసప్పకు ఒక రాత్రి స్వప్నము కలిగెనని హరిదాస సంప్రదాయము చెప్పుచున్నది. శ్రీ పురందరదాసులవారు స్వప్నమున దర్శనమిచ్చి విజయవిఠల యను అంకితమును ప్రసాదించిరట. పురందరదాసులవారు అయిదు లక్షల కృతులు సంకల్పించి నాలుగు లక్షల డెబ్బది అయిదు వేలు రచించిరనియు, మిగిలిన యిరువది అయిదు వేలను విజయదాసుల ద్వారా పూర్తిచేయించిరనియు భక్తుల విశ్వాసము. లెక్క ఎట్లున్నను, ఆ రాత్రి నుండి దాసప్ప విజయదాసు అయ్యెనన్నది సత్యము. ఆకలి అదియే, కాళ్ళు అవియే, దారియు అదియే. బ్రతుకుతెరువు వెదకి తిరిగినవాడు ఇప్పుడు ఒక నామమును మోసికొని తిరుగుచున్నాడు. మొదటిసారి ఖాళీచేతులతో వచ్చినవాడు ఈసారియు ధనము తేలేదు. కాని కాలికి గజ్జె, చేత తంబుర, నోట హరినామముతో వచ్చెను.

ఇచట గృహస్థులైన పాఠకులు అరళమ్మను మరువరాదు. భర్త కొండలు, నదులు దాటుచుండగా ఆమె బిడ్డలతో ఇంటనే ఉండెను. ఆమె దాటినది ఆకలిదినముల వరుస. దాసులవారి యాత్రాఫలములో సగము ఆమెదే యనుటలో అతిశయోక్తి లేదు. తరువాతి కాలమున ఆ ఇంటికి వచ్చిన అతిథులకు, శిష్యులకు వండిపెట్టినదియు ఆ తల్లియే. అతిథి యనగా బాధ యని ఎరిగిన ఇల్లు అది. అందుచేతనే అతిథి యనగా భగవంతుడని కూడ ఎరిగినది.

విజయదాసులవారు అనేక క్షేత్రములు తిరిగిరి. చూచిన క్షేత్రముల మహిమను సుళాదులుగా పాడిరి. సుళాది యనగా ఒకే రచన వేరువేరు తాళములలో నడచు గేయప్రబంధము. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళములు అందు వరుసగా వచ్చును. దారి నడచువాని అడుగు ఎక్కుడులో ఒక తీరుగ, దిగుడులో ఒక తీరుగ, చదునున ఒక తీరుగ మారునట్లు ఆ పాటయు నడక మార్చుచుండును. మధ్వసిద్ధాంతమును సామాన్యులకు తెలియు కన్నడమున అందించుటచే ఆ సుళాదులు నేటికిని పారాయణములో నిలిచియున్నవి.

అన్ని క్షేత్రములలోను ఆయన మనసు తిరుమలమీదనే. దాసులవారిని భృగుమహర్షి అంశగా పెద్దలు భావింతురు. భృగువు పాదతాడనముచేత లక్ష్మీదేవి అలిగి వెడలుటయు, స్వామి ఆమెకై భువికి దిగివచ్చి వేంకటాద్రిని నెలకొనుటయు మనకు తెలిసిన కథయే. స్వామిని కొండకు రప్పించిన పాదము, మరల మరల ఆ కొండయే ఎక్కుచు ప్రాయశ్చిత్తము చేసికొన్నదని భక్తులు చెప్పుకొందురు. 1944లో మోటారు దారి ఏర్పడువరకు ఏడుకొండలు ఎక్కుటకు నడక, డోలీ తప్ప వేరు గతి లేదు. అలిపిరి నుండి మూడువేల అయిదు వందలకు పైబడిన మెట్లలో మోకాళ్ళపర్వతము వద్ద ఎవరికైనను గర్వము దిగిపోవును. శ్రీ రామానుజులవారు ఈ పవిత్ర శిలలను పాదములతో త్రొక్కుటకు వెనుదీసి మోకాళ్ళతో ఎక్కిరని ప్రతీతి.

దారి నేర్పిన వినయము ఎంతటిదో తెలుపు వృత్తాంతమొకటి కలదు. మాన్వియందు శ్రీనివాసాచార్యులను పండితుడుండెను. దాసులవారు సంతర్పణ చేయించి ఆయనను భోజనమునకు పిలువగా, వీధులలో పాడువాని ఇంట తినుటకు ఇష్టములేక, కడుపునొప్పి యని నెపము చెప్పి తప్పించుకొనెను. నెపము నిజమయ్యెను. ఎన్ని మందులు తిన్నను, ఎన్ని క్షేత్రములు సేవించినను తగ్గలేదు. తుదకు దాసులవారినే శరణు వేడెను. దాసులవారు కోపింపలేదు. గద్వాల సీమలోని ఉత్తనూరున నున్న తమ శిష్యులు గోపాలదాసులవారి వద్దకు పంపిరి. గోపాలదాసులవారు తమ ఆయువులో నలుబదియేండ్లు ధారపోసి, జొన్నరొట్టె నొసగి ఆ వ్యాధిని మాన్పిరని సంప్రదాయము. అన్నమును తిరస్కరించినవాడు రొట్టెముక్కతో బ్రతికెను. ఆయనయే హరికథామృతసారము రచించిన శ్రీ జగన్నాథదాసులవారు. జీవితకాలము 1728–1809.

బిడ్డతో బావిలో పడి ప్రాణము తీసికొనబోయిన ఒక నిరుపేద తల్లిని దాసులవారు రక్షించి, ఆ బిడ్డను తమ బిడ్డగా పెంచిరనియు కథ కలదు. ఆ బాలుడే మోహనదాసులవారు. ఆకలిచే ఇల్లు విడిచిన దాసప్పకు ఆ తల్లి దుఃఖము ఒకరు చెప్పవలసినది కాదు.

కడపటి యేండ్లు చిప్పగిరిలో గడపి, 1755లో కార్తిక శుద్ధ దశమినాడు దాసులవారు హరిపదము చేరిరి. నేటికిని ఆ తిథినాడు అచట ఆరాధన జరుగుచున్నది.

తిరుమలలో దేవస్థానము 2000 సంవత్సరమున శ్రీవారి సేవ ప్రారంభించినది మొదలు, వేలకొలది గృహస్థులు తమ ఊళ్ళనుండి వచ్చి, అచట బస చేసి, క్యూలలో నీరందించి, అన్నప్రసాదము వడ్డించి పోవుచున్నారు. దాసులవారి కాలపు బాటసారి మండపములో చేసిన పనియే ఇది. దర్శనమునకు పోవునప్పుడు ఒక పూట సేవ చేయుదము. ఇంట ఉన్నప్పుడు వాకిట నిలిచిన యాత్రికునికి చెంబెడు నీరు, ఒక జొన్నరొట్టె ఇత్తము. నడచువాడు, నిలిచి పెట్టువాడు, ఇరువురును ఒకే యాత్రలో ఉన్నారు. శ్రీనివాసుడు ఇరువురిని కాపాడుగాక!