కిలో రెండు రూపాయల బియ్యం - రామారావుగారు

నందమూరి తారక రామారావుగారి కృష్ణుడి వేషం చూడని పెద్దలు మన సభ్యుల కుటుంబాలలో అరుదు. ఆ వేషాల ముచ్చట అందరికీ తెలిసినదే గనుక, ఇక్కడ ఆయన ఇచ్చిన బియ్యం గురించి, అది తిని పెరిగిన పిల్లల గురించి నాలుగు మాటలు.

వారు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించారు. చదువుకునే రోజుల్లో సైకిలు మీద బెజవాడ హోటళ్ళకు పాలు పోసేవారు. 1947లో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వస్తే కొద్ది వారాలకే వదిలేసి మద్రాసు చేరారు. 1949లో 'మనదేశం'తో సినిమా జీవితం మొదలైంది. 1952లో రాయలసీమ కరువొస్తే జోలె పట్టి ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు.

1982 మార్చి 29న పార్టీ స్థాపించి, 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడే పచ్చకార్డు మీద కిలో రెండు రూపాయలకు బియ్యం. మనిషికి ఐదు కిలోలు, ఇంటికి నెలకు 25 కిలోలు మించకుండా. అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి వరంగల్లు జిల్లాలోనివే. జొన్న గట్క, గంజితో పూట గడిపే ఇళ్ళలో వరి అన్నం పండుగ భోజనం. ఖజానా ఖాళీ అవుతుందని, దొంగకార్డులు పెరిగాయని విమర్శలు వచ్చినయి. కొంత నిజమే. కానీ కూలికి పోయొచ్చిన తల్లి పొయ్యి మీద ఎసరు పెట్టగలిగింది గదా!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను చాలాకాలం నడిపిన డాక్టర్ గోపాలన్‌గారు పేద పిల్లలకు మొదటి లోటు మొత్తం తిండిలోనేనని తేల్చారు. ఆ లెక్కన బియ్యంతో మొదలుపెట్టడం సరైన పనే. అయితే రెండేళ్ళ బిడ్డ పొట్ట ఎంత? వట్టి అన్నం, చారు రెండు పూటలా పెడితే కడుపు నిండుతుంది, బరువు పెరగదు. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఒక చెంచా నూనె కలిపి పెట్టాలె. చౌక బియ్యం వచ్చాక జొన్న కూడా కంచంలోంచి తగ్గింది. పాలు పోసిన మనిషి పథకంలో పాలకు చోటు దొరకలేదు. ఇది మాత్రం ఒప్పుకోవాలె.

1989లో ఓడి, 1994లో మళ్ళీ గెలిచి, 1995లో పదవి పోయి, 1996 జనవరి 18న కన్నుమూశారు. ఆ ఏడే బియ్యం ధర పెరిగింది. 2008లో తిరిగి రెండు రూపాయలు, 2011లో రూపాయి అయింది. 2003 నుంచి బడిలో వండిన మధ్యాహ్న భోజనం. 2015 నుంచి తెలంగాణ అంగన్‌వాడీలలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట అన్నం, గుడ్డు, పాలు. ఏడు నెలలు దాటిన బిడ్డకు మూడేళ్ళ దాకా బాలామృతం, గుడ్లు ఇస్తారు. నెలనెలా తూకం కూడా అక్కడనే. ఆ చార్టులో గీత పడిపోతుందా, పైకి పోతుందా అని తల్లులు అడిగి చూడాలె.

2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. 2015లోనే కుటుంబ పరిమితి ఎత్తేశారు గనుక, కార్డులో పేరు లేని బిడ్డ వాటా ఆ ఇంటికి రాదు. చాలా ఏళ్ళకు 2025లో కొత్త కార్డులు, పేర్లు చేర్చుడు మొదలైనయి. మన ఇళ్ళలో చిన్నపిల్లల పేర్లు ఎక్కినవో లేదో ఒకసారి కార్డు తీసి చూసుకోండి.